పద్నాలుగేళ్ల కిందటి ఎఫ్

డిసెంబర్ 19

కెమిస్ట్రీలో ఎ!

ఇంకోసారి రాసుకుంటాను, తనివి తీరలేదు. ఎ! వేరే ఎవరి మార్కో నా పేరు పక్కన పడిందేమోనని మూడుసార్లు చూశాను. నాదే. మారిట్ హేగెన్. ముప్పయి మూడేళ్లు. పదకొండేళ్లుగా సూపర్ మార్కెట్లో మాంసం కొట్టే మనిషి.

ముందు వెర్లిన్‌కే చెప్పాను. మా కౌంటర్లో సీనియర్. అరవై ఒకటి నిండాయి. కత్తి పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. కోస్తున్న పంది భుజం మీంచి తల ఎత్తకుండానే, "ఎ అంటే ఆబ్సెంటా?" అన్నాడు. కాదు, అన్నిటికంటే పై మార్కు అన్నాను. "అంత తెలివైనదానివైతే సాసేజ్ మిషన్ ఇవాళ నువ్వే కడుగు" అన్నాడు. అరగంట తర్వాత చల్లగదిలోంచి బయటికొస్తుంటే ఆయన గొంతు వినిపించింది. బ్రాట్‌వర్స్ట్ సాసేజ్‌లు కొనడానికి వచ్చిన ఒకావిడకి, మా పిల్లకి కెమిస్ట్రీలో ఎ వచ్చిందండీ అని చెబుతున్నాడు. ఆవిడ అడగలేదు పాపం.

డిసెంబర్ 20

ఇంకా ఎ గానే ఉంది. చూశాను.

జనవరి 6

నిర్ణయించుకున్నాను. కొండ మీది కాలేజీలో ప్రీమెడికల్ కోర్సుకి అప్లై చేస్తున్నాను. నాలాగా వేరే పనుల్లో బతికి, ఆలస్యంగా డాక్టరవ్వాలని బుద్ధి పుట్టినవాళ్ల కోసం పెట్టిన కోర్సు అది. ఒక్క ఏడాదిలో ఫిజిక్స్, బయాలజీ, మిగిలిన కెమిస్ట్రీ అంతా చదివించేస్తారు. దాని తర్వాతే మెడికల్ కాలేజీ మెట్లెక్కేది. ఇరవై నాలుగు సీట్లు. పోయినేడు మూడొందల మంది అడిగారట.

ఆఫీసుకి ఫోన్ చేసి, గట్టి అభ్యర్థి అంటే ఎవరండీ అని సూటిగా అడిగేశాను. అవతల ఉన్నావిడ నవ్వింది. మంచి మార్కులు, రోగుల మధ్య గడిపిన గంటలు, నిన్ను బాగా ఎరిగినవాళ్లు రాసిన ఉత్తరాలు, నీ గురించి నువ్వు రాసుకున్న రెండు పేజీలు అని చెప్పింది. పాత చదువుల మార్కుల జాబితాలు కూడా పంపాలంది. అన్నీనా అన్నాను. అన్నీ అంది.

పాత చదువు. పంతొమ్మిదేళ్లప్పుడు యూనివర్సిటీలో ఒక్క సెమిస్టర్ చదివాను. కెమిస్ట్రీ ఎఫ్. లెక్కలు ఎఫ్. నాన్నకి జబ్బు చేసిన ఏడాది అది. అర్థం చేసుకుంటారులే.

జనవరి 17

మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో కొత్త సెమిస్టర్ మొదలైంది. కెమిస్ట్రీ రెండో భాగం. ఈసారి కూడా వాంగ్ మేడమే. నాకంటే నాలుగేళ్లు చిన్నది. చేతిలో చాక్‌పీస్ ఉంటే మాత్రం ఆవిడ ముందు అందరం పిల్లలమే. ల్యాబ్ పుస్తకంలో అంకె తప్పు పడితే రుద్దనివ్వదు. దాని మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, సంతకం పెట్టాలి. తప్పు కనబడుతూ ఉండాలంటుంది.

క్లాసయ్యాక సిఫార్సు ఉత్తరం రాస్తారా అని అడిగాను. సంతోషంగా రాస్తానంది. ఆ పాత ఎఫ్‌ల సంగతేమిటని అడిగింది. చెప్పాను. నాన్న జబ్బు, నేను చదువు వదిలేసి ఇంటికి రావడం, ఏడాదిన్నర మంచం పక్కన. ఆవిడ చాక్‌పీస్ పక్కన పెట్టేసింది. వాళ్ల నాన్నని కూడా అలాగే చూసుకుందట, పదిహేడేళ్ల వయసులో, హాస్పిటల్‌లో డాక్టర్లు చెప్పింది వాళ్ల ఇంటి భాష మోంగ్‌లోకి మార్చి చెబుతూ. "ఈ విషయం ఉత్తరంలో తప్పకుండా రాస్తాను" అంది.

మెట్లు రెండేసి చొప్పున దిగాను.

జనవరి 30

మైనస్ ఇరవై తొమ్మిది. కారు స్టార్ట్ కాలేదు. స్కూళ్లు, పోస్టాఫీసు మూత. అయినా ఈరోజు ప్రపంచంలోకెల్లా మంచిరోజు. డాక్టర్ ఎస్పర్‌సన్ సరేనంది! ఊరికి ఇరవై మైళ్ల అవతల పాడి రైతుల మధ్య ఆవిడ క్లినిక్. బుధవారాలు నాకు సెలవే కాబట్టి బుధవారం బుధవారం వెళ్లి పక్కన నిలబడి చూడొచ్చట. ఫోన్‌లో ఒక్కటే అడిగింది, రక్తం చూస్తే భయమా అని. నేను మాంసం కొడతానండీ అన్నాను. "అయితే మనకి బెంగలేదు" అంది.

ఫిబ్రవరి 6

బెంగ ఉంది.

సిగ్గుతో చచ్చిపోతున్నాను, నవ్వు కూడా ఆగడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకి ఎల్డన్ క్రూగర్ అనే రైతు వచ్చాడు. డెబ్బై ఉంటాయి. దాణా మిషన్ రేకు తగిలి బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. డాక్టర్ గారు కడిగి, లోపల నరం బాగానే ఉందని చూపించింది. నేను వంగి చూశాను. కండ, పొర, కొవ్వు, అన్నీ తెలిసినవే. భలే ఉత్సాహంగా ఉంది. అప్పుడు ఆవిడ మత్తు సూది గుచ్చింది. ఎల్డన్ "అబ్బా" అన్నాడు.

అంతే. తర్వాత నాకు గుర్తున్నది పైకప్పు మీద ట్యూబ్‌లైటు.

లేచేసరికి నా తల కింద ఎల్డన్ కోటు ఉంది. ఆయన ఆ చెయ్యి పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో నాకు నీళ్ల గ్లాసు అందిస్తున్నాడు. "తొందరేం లేదమ్మా, నా వేలు ఎక్కడికీ పోదు" అన్నాడు. డాక్టర్ గారు కుట్టు ముడివేస్తూ, మాంసం కొడతానన్నావు కదా అంది. నేను నేల మీంచే చెప్పాను. పదకొండేళ్లలో నేను కోసిన మాంసం ఒక్కసారి కూడా అబ్బా అనలేదండీ అని. ఇద్దరూ ఎంత నవ్వారంటే కుట్టు వంకర పోతుందేమోనని భయమేసింది.

వచ్చే వారం రానా వద్దా అని అడిగాను. రాకపోతే తల కింద కోటు పెట్టిన మనిషికి మర్యాద కాదంది.

ఫిబ్రవరి 7

వెర్లిన్‌కి చెప్పకుండా ఉండాల్సింది. రోజంతా నరకం. కత్తి ఎత్తినప్పుడల్లా కోడి తరఫున ఆయనే సన్నగా "అబ్బా" అంటున్నాడు. చేపల కౌంటర్ వాళ్లు కూడా నేర్చుకున్నారు.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12:15, కారులో

వేలు వంగింది!!

ఇంటికి వెళ్లేదాకా ఆగలేక ఇక్కడే రాసేస్తున్నాను. ఎల్డన్ కుట్లు తీయించుకోవడానికి వచ్చాడు. ఈసారి నేను పడలేదు, లోపల బుగ్గ కొరుక్కుంటూ నిలబడ్డాను. కుట్లు తీశాక డాక్టర్ గారు వేలు వంచమంది. ఆయన వంచలేదు. రెండు వారాలుగా ఒక్కసారి కూడా వంచలేదట, మళ్లీ తెగుతుందేమోనని. ఆ చేత్తోనే ఏభై ఏళ్లు పాలు పితికిన మనిషి. నా వేలు తీసి పక్కన పెట్టేశాననుకో అన్నాడు, జోకులాగే. కళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి.

డాక్టర్ గారు నావైపు చూసింది. మణికట్టు కింద నీ చెయ్యి ఆనించు, ఊరికే పట్టుకో, లాగకు అంది. పట్టుకున్నాను. ఎంత వేడిగా ఉందో ఆ చెయ్యి! నేనెప్పుడూ చల్లగదిలోంచి వచ్చినవే పట్టుకున్నాను. ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక, మీ ఆవుల్లో అన్నిటికంటే పొగరుబోతు ఏదని అడిగాను. అది పాలబిందె తన్నిన కథంతా చెప్పాడు. ఎలా తన్నిందో చూపించబోతుంటే వేలు వంగింది. ఆయన చూసుకోలేదు. నేనే చూశాను ముందు!

కథ మధ్యలో ఆపి తన చేతికేసి చూసుకున్నాడు. మళ్లీ వంచాడు. మళ్లీ.

నాకు ఇదే కావాలి. ఇంకేదీ వద్దు.

మార్చి 3

నా గురించి రెండు పేజీలు. మొదటి వాక్యం ఇలా పెట్టాను: పదకొండేళ్లుగా విడదీయడమే నేర్చుకున్నాను, ఇక కలపడం నేర్చుకోవాలని ఉంది. ఎంత బాగుందో అని నాకు నేనే మురిసిపోయాను. వాంగ్ మేడంకి చూపించాను. టీషర్టు మీద అచ్చు వేయించుకో, అప్లికేషన్‌లోంచి మాత్రం తీసెయ్ అంది.

తీసేశాను. ఎల్డన్ వేలితో మొదలుపెట్టాను. రెండో పేజీ నాన్న.

మార్చి 12

వాంగ్ మేడం ఉత్తరం పంపేసింది! నాకు చూపించకూడదు, అది పద్ధతి. మీ నాన్నగారి గురించి రాసేటప్పుడు మా నాన్న గుర్తొచ్చి ఏడ్చాను అని మాత్రం చెప్పింది.

మార్చి 24

రెండు పేజీలూ మధ్యాహ్నం భోజనాల గదిలో వెర్లిన్‌కి చదివి వినిపించాను. వేలు వంగే చోట టేబుల్ మీద దరువేశాడు. నాన్న దగ్గరికొచ్చేసరికి తల మీది కాగితం టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. నాన్న ఆయనకి చేపల నేస్తం. "ఇది చదివి సీటివ్వకపోతే వాళ్లు మనుషులే కాదు" అన్నాడు.

సీటు వచ్చేసినట్టే ఉంది నాకు. వారంలో గడువు. రేపు అమ్మకి చదివి వినిపించి పంపేస్తాను.

మార్చి 25

అమ్మ ఓవెన్లో పెట్టే మాంసం వంటకం, హాట్‌డిష్ మీద బంగాళదుంప ముక్కలు పేరుస్తూ విన్నది. ముప్పయ్యేళ్లు స్కూలు వంటగదిలో చేసిన మనిషి, ముక్కలన్నీ వరసలో ఉండాలి. నేను చదవడం అయిపోయింది. ఎలా ఉంది అన్నాను. బాగా రాశావు అంది. ఓవెన్ తలుపు వేసింది. చేతులు తుడుచుకుంది.

"ఒక్కటే తప్పు. మీ నాన్నకి జబ్బని తెలిసింది ఈస్టర్‌కి."

అవును అన్నాను.

"నీ మార్కుల కాగితం క్రిస్మస్‌కి ముందే వచ్చింది కదే."

కాదమ్మా, అన్నాను. అప్పటికే ఆయన నీరసంగా ఉండేవాడు అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"డిసెంబర్‌లో మీ నాన్న గడ్డకట్టిన నీళ్ల మీద గుడిసె వేసుకుని చేపలు పట్టాడు. పొద్దున వెళితే చీకటిపడ్డాకే రావడం. నీరసమా ఆయనకి? ఆ కవరు విప్పింది నేను. నీ పేరు మీదే వచ్చింది, అయినా విప్పాను. గుడిసె దాకా నడిచెళ్లి ఆయన చేతికిచ్చింది కూడా నేనే."

నాన్న ఏమన్నాడని అడిగాను. నిజానికి అడగాలని లేదు.

"నువ్వు దాన్ని అడగొద్దు ఆర్డిస్, అదే చెబుతుంది అన్నాడు. పోయేదాకా అదే అన్నాడు."

హాట్‌డిష్ మాడింది. ఇద్దరం చూసుకోలేదు.

మార్చి 26

రాయాలి. ఎవరూ చదవని ఈ పుస్తకంలోనైనా రాయాలి.

ఆ అక్టోబర్‌లో కెమిస్ట్రీ మొదటి పరీక్షలో నాకు నలభై ఒకటి వచ్చింది. స్కూల్లో ఎప్పుడూ తొంభైకి తగ్గనిదాన్ని. మర్నాడు క్లాసుకి వెళ్లలేదు. ఆ తర్వాతి రోజూ వెళ్లలేదు. లెక్కల క్లాసు కూడా అదే బిల్డింగ్‌లో, కెమిస్ట్రీ వాళ్లు ఎదురుపడతారని దానికీ వెళ్లలేదు. హాస్టల్ కింద బట్టలుతికే గదిలో కూర్చునేదాన్ని. వెచ్చగా ఉండేది. ఎవరివో బట్టలు గుండ్రంగా తిరుగుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. రెండు నెలలు. అంతే జరిగింది. ఇంకేమీ జరగలేదు.

ఇంటికొచ్చి ఒక సెమిస్టర్ ఆగుతానన్నాను. ఈస్టర్‌కి నాన్న సంగతి తెలిసింది. మంచం పక్కన ఉన్నది నిజం. ఏడాదిన్నర నిజం. చదువెందుకు మానేశావని ఎవరైనా అడిగితే, నాన్నకి బాగాలేదు కదా అనేదాన్ని. అడిగినవాళ్లు మొహం అదోలా పెట్టి ఊరుకునేవాళ్లు. అనీ అనీ నాకే అదే నిజమైపోయింది. ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్పేదాన్నేమో. మొన్నటిదాకా.

నాన్నకి తెలుసు. నేను సబ్బునీళ్లతో కాళ్లు తుడుస్తున్నప్పుడు కూడా తెలుసు.

మార్చి 27

ఒక మాట ఒప్పుకోవాలి. పొద్దున అరగంట సేపు, "ఆ చలికాలానికే ఆయనలో మార్పు కనిపించసాగింది" అనే వాక్యం రాసి చూశాను. ఎవరు పట్టుకుంటారు? బాగా అతికింది కూడా.

చింపేశాను.

రెండో పేజీ మళ్లీ రాశాను. నలభై ఒకటి, బట్టల గది, రెండు నెలలు. నాన్న జబ్బు తర్వాత వచ్చిందని, దాని వెనక దాక్కున్నానని. విచిత్రం, రాస్తుంటే భయమెయ్యలేదు. భయమేసింది వాంగ్ మేడంని తలుచుకుంటేనే. నా అబద్ధం ఆవిడ సంతకంతో కాలేజీకి వెళ్లిపోయింది.

మార్చి 29

వాంగ్ మేడం ఆఫీసు గదికి వెళ్లి చెప్పేశాను. నిలబడి చెబితే పారిపోతానేమోనని కూర్చున్నాను.

మేడం నన్ను మధ్యలో ఆపలేదు. అయ్యాక కిటికీలోంచి బయటికి చూసింది. మెత్తగానే మాట్లాడింది, అదే భరించలేకపోయాను.

"నేను మా నాన్నని తలుచుకుని ఏడ్చి రాశాను ఆ మాటలు. నీకు తెలుసా?"

తెలుసు మేడం అన్నాను.

"ఎవరూ పట్టుకోలేదు కదా. మరెందుకు చెబుతున్నావు?"

మీ సంతకం ఉంది దాని కింద, అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. అదొక్కటే వచ్చింది.

ఆ ఉత్తరం ఇవాళే వెనక్కి తీసుకుంటానంది. కొత్తది రాస్తారా అని అడిగాను. "తెలియదు. ముందు నువ్వు వెళ్లు" అంది.

గడువు ఒకటో తారీఖు. సాయంత్రం ఐదు.

మార్చి 30

ఫోన్ రాలేదు.

మార్చి 31

రాలేదు. వెర్లిన్‌కి కూడా నిజం చెప్పేశాను, పని మధ్యలో, ఎముకల రంపం ఆపి. కోప్పడతాడనుకున్నాను. చేతికున్న ఇనప గొలుసు గ్లౌజ్ తీసి బల్ల మీద పెట్టాడు. మీ నాన్న నాకు ఆ డిసెంబర్‌లోనే చెప్పాడు గుడిసెలో అన్నాడు. మరి మొన్న ఎందుకు ఏడ్చావని అడిగాను. "బాగా రాశావు కదే! ఏడుపొచ్చింది" అన్నాడు.

ఊరందరికీ తెలిసినట్టుంది, నాకు తప్ప.

ఏప్రిల్ 1, సాయంత్రం 4:38

ఉత్తరం వచ్చింది!! ఆన్‌లైన్లో నా అప్లికేషన్ పేజీలో మేడం ఉత్తరం గడి, మూడోది, పచ్చగా మారింది, 4:31కి. అందులో ఏముందో నాకు తెలియదు. మంచిదో చెడ్డదో తెలియదు. బటన్ నొక్కేశాను. నిజం పేజీలతోనే. ఒళ్లంతా వేడెక్కిపోయింది. కోటు లేకుండా వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చాను. నది మీద మంచు పగులుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

ఏప్రిల్ 26

ఇంటర్వ్యూకి పిలిచారు. పిలిచారు. పిలిచారు!

మే 9

అమ్మ ఇస్త్రీ చేసిచ్చిన నీలం చొక్కా. వేళ్ల మీద కత్తిగాట్ల మచ్చలు కనిపించకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డైరెక్టర్ పేరు డాక్టర్ కాల్డర్. పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. పక్కన ఫిజిక్స్ చెప్పే ఒకావిడ. ముందు మూర్ఛపోయిన కథ అడిగారు. చెప్పాను. ఫిజిక్స్ ఆవిడ కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. అప్పటికి నా చేతులు టేబుల్ మీదకొచ్చేశాయి, నాకు తెలియకుండానే.

తర్వాత డాక్టర్ కాల్డర్ ఒక కాగితం తీశాడు. మీ టీచర్ అనుమతి తీసుకున్నాను, ఇందులో కొంచెం చదువుతాను అన్నాడు. నా చేతులు మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయాయి.

చదివింది ఇది. ఒక్క ముక్క పొల్లుపోకుండా గుర్తుంది.

"ఈ అభ్యర్థి నాతో అబద్ధం చెప్పింది. నేను నమ్మాను, మీకు రాసి పంపాను. తర్వాత ఆమే వచ్చి, ఎవరూ అడగకుండా, సరిదిద్దింది. నాకు ఇంకా కొంచెం కోపంగానే ఉంది. కానీ ల్యాబ్ పుస్తకంలో తప్పు మీద గీత గీసి సంతకం పెట్టడానికే నా విద్యార్థులు సగం మంది ఏడుస్తారు. ఈమె పద్నాలుగేళ్ల కిందటి అంకె దిద్దుకుంది. నా రోగం చూసే డాక్టర్ ఇలాంటి మనిషి కావాలని కోరుకుంటాను."

దీని మీద ఏమైనా చెబుతారా అన్నాడు. ఏం చెప్పాలి? ఆవిడకి కోపం ఉండటం న్యాయమే అన్నాను. మళ్లీ నలభై ఒకటి వస్తే ఏం చేస్తారని అడిగింది ఫిజిక్స్ ఆవిడ. ఆ రోజే మీ గది తలుపు కొడతాను, చెప్పులు వేసుకోవడం మర్చిపోయినా సరే అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది.

బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చాను. సంతోషమో ఏమో. తర్వాత మా ఊరి కాలేజీకి వెళ్లి వాంగ్ మేడం క్లాసులో నా చోట కూర్చున్నాను. ఆవిడ బోర్డు మీంచి తిరిగి నన్ను చూసింది. ఐదు నిమిషాలు లేటు అంది. అంతే. ఆ మాట ఎంత తియ్యగా ఉందో.

జూన్ 4

వెయిటింగ్ లిస్ట్. నంబర్ మూడు.

సీటు రాలేదు, పోలేదు. వెర్లిన్ ఒక్కటే అన్నాడు, మూడంటే కౌంటర్ ముందు క్యూలో మూడో మనిషి, వాళ్లకి కూడా మాంసం అందుతుంది అని. అమ్మ చేపల వేపుడు తినడానికి తీసుకెళ్లింది. ఒక గంట నిజంగానే దిగులుపడ్డాను. తర్వాత వేసవి క్లాసుల్లో త్రికోణమితికి పేరిచ్చాను. సీటు వచ్చినా రాకపోయినా ఫిజిక్స్‌కి అది కావాలి కదా.

జూన్ 26

త్రికోణమితి మొదటి పరీక్షలో అరవై రెండు. గుండె ఆ పాత బట్టల గదివైపే లాగింది, అబద్ధం చెప్పను. పార్కింగ్‌లో పది నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. దిగి సార్ గది తలుపు కొట్టాను. చెప్పులు ఉన్నాయి.

ఎక్కడ తప్పానో పావుగంటలో చూపించాడు. పావుగంట! పద్నాలుగేళ్ల కిందట కూడా పావుగంటే పట్టేదేమో. అది తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వాను. సార్ భయపడ్డాడు.

జులై 10

డాక్టర్ ఎస్పర్‌సన్ ఈరోజు నన్ను ఒక ముసలావిడ గుండె చప్పుడు విననిచ్చింది. ఏం వినిపించింది అని అడిగింది. తలుపు అవతల ఎవరో చెప్పులు లేకుండా నడుస్తున్నట్టుంది అన్నాను. డాక్టర్లు అలా చెప్పరంది. కానీ సరిగ్గానే విన్నావంది.

జులై 25

వచ్చింది. వచ్చేసింది. నాకు సీటు వచ్చేసింది!!!

పదకొండున్నరకి ఫోన్ మోగినప్పుడు నేను రంపం దగ్గర ఉన్నాను, చెవులకి మూతలు. వెర్లినే ఎత్తాడు. గాజు అవతలి నుంచి చూస్తున్నాను, ఆయన పెదాలు కదులుతున్నాయి, ఏమీ వినిపించడం లేదు. ఉన్నట్టుండి టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఎవరో పోయారనుకున్నాను! పరుగెత్తుకొచ్చి రిసీవర్ లాక్కున్నాను. డాక్టర్ కాల్డర్. లిస్టులో నా ముందున్న ఇద్దరూ తప్పుకున్నారట, సీటొచ్చిన ఒకావిడ బోస్టన్ వెళుతోందట. ఆగస్టు చివరికి రాగలవా అన్నాడు. రేపు రానా అన్నాను.

నేను ఫోన్ పెట్టేలోపు వెర్లిన్ షాపు మైకు అందుకున్నాడు. "ప్రియమైన కొనుగోలుదారులకు మనవి. మన మాంసం కౌంటర్లో డాక్టరమ్మ ఉన్నారు. ఎవరికైనా నొప్పులుంటే ఇప్పుడే చెప్పుకోండి, తర్వాత దొరకరు." నిజంగానే ముగ్గురు వచ్చారు. ఒకాయన మోకాలు చూపించాడు. మేనేజర్ అరుస్తూ వచ్చి, సంగతి తెలుసుకుని, మైకు ఆఫ్ చెయ్యకుండానే నన్ను కౌగిలించుకున్నాడు.

వాంగ్ మేడంకి ఫోన్ చేశాను. కోపం పోయిందిలే అంది. ల్యాబ్ పుస్తకం మాత్రం ఇంకా నీటుగా రాయాలంది.

అమ్మ చెయ్యి పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్లాను. రాయి మీద ఎండ పడుతోంది. అక్టోబర్‌లో నలభై ఒకటి వచ్చింది నాన్నా, భయపడి దాక్కున్నాను అని చెప్పాను. గట్టిగానే చెప్పాను. పక్క సమాధి మీది పూలకి నీళ్లు పోస్తున్న ఆయన తిరిగి చూశాడు. అమ్మ ఆయనకి నవ్వుతూ చెయ్యి ఊపింది.

ఆగస్టు 28, ఉదయం 7:05, బస్సులో

పక్క సీట్లో పెద్దాయన నా ఒళ్లోని పుస్తకాల లావు చూసి డాక్టరా అని అడిగాడు. కాదన్నాను. నర్సా అన్నాడు. కాదు, ఇవాళే ఫిజిక్స్ మొదటి పాఠం అన్నాను. అయినా చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి కింద నల్లమచ్చ చూపించి, ఇదేంటో చెప్పమన్నాడు. వంగి చూశాను. నాకు తెలియదండీ అన్నాను. ఎప్పటికి తెలుస్తుందన్నాడు. ఎనిమిదేళ్లు పట్టొచ్చు, మీరు మాత్రం ఈ వారమే చూపించుకోండి అని, డాక్టర్ ఎస్పర్‌సన్ నంబర్ రాసిచ్చాను. కాగితం వెనక్కిచ్చాడు. నీ పేరు కూడా రాయి, ఎనిమిదేళ్లాగి నీ దగ్గరికీ వస్తా అన్నాడు.

వయసెంతని అడిగాను. ఎనభై మూడు.

పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.